ఫ్యూజ్డ్ సిలికా పేరుతో క్వార్ట్జ్ పొడి అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ షెల్స్ (మైనం నమూనా మీద పొరలు పొరలుగా పూత వేసి చేసే పోత అచ్చులు) కోసం ఫ్యూజ్డ్ సిలికా (కరిగించి, స్ఫటికాలు లేకుండా గాజులా మార్చిన సిలికా) కొనేవాళ్లు ఇది చదవండి. టెస్ట్ సర్టిఫికెట్ చూసి నమ్మి మేము మూడు వారాల పని పోగొట్టుకున్నాం.

పాత సప్లయర్ దగ్గర సరుకు ఆలస్యమైతే కొత్తవాళ్ల దగ్గర బ్యాకప్ కోట్లకు, అంటే షెల్ బయటి పొరలకు వాడే పొడి తెప్పించాం. తెల్లగా, మెత్తగా, చూడ్డానికి బాగానే ఉంది. దాంతో కలిపిన స్లర్రీ (పూత వేసే చిక్కటి ద్రవం) చిక్కదనం కూడా తేడాగా అనిపించలేదు. ఆటోక్లేవ్‌లో మైనం కరిగి బయటికి వచ్చాక కూడా షెల్స్ చెక్కుచెదరలేదు. ఫర్నేస్‌లో కాల్చి తీశాక చూస్తే మూలల దగ్గర సన్నటి పగుళ్లు. కొన్ని కంటికి ఆనకపోవడంతో మెటల్ పోసేశాం. రెండు షెల్స్‌లోంచి కరిగిన స్టీల్ బయటికి కారింది. దగ్గర్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మిగతా పార్టుల మీద రెక్కల్లా ఫిన్స్ వచ్చాయి.

ముందు మా డ్రైయింగ్ రూమ్‌నే అనుమానించాం. తేమ తగ్గించాం, ఒక కోటు ఎక్కువ వేశాం. ఏమీ మారలేదు. చివరికి పొడిని ఎక్స్‌ఆర్‌డీ పరీక్షకు (ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను గుర్తించే పరీక్ష) పంపితే అందులో క్వార్ట్జ్ బాగా కలిసి ఉందని తేలింది.

అసలు మోసం ఇక్కడే ఉంది. ఫ్యూజ్డ్ సిలికా అయినా క్వార్ట్జ్ అయినా రసాయనికంగా సిలికానే. సర్టిఫికెట్‌లో 99.5 శాతం సిలికా అని రాస్తే అది రెండింటికీ నిజమే. అడిగితే సప్లయర్ కూడా అదే చూపించి తప్పించుకున్నాడు. కానీ క్వార్ట్జ్ 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్ఫటిక రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఫ్యూజ్డ్ సిలికా వేడికి దాదాపు వ్యాకోచించదు, మనం దాన్ని కొనేదే అందుకు. మైనం తీసే వేడి 573 డిగ్రీలకు చాలా తక్కువ కాబట్టి లోపం అక్కడ బయటపడదు.

ఎక్స్‌ఆర్‌డీకి పంపే ముందు మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. 220 గ్రాముల ఆరిన పొడిని కొలజాడీలోని నీళ్లలో వేసి, గాలి బుడగలన్నీ పోయేదాకా కలపండి. అసలు ఫ్యూజ్డ్ సిలికా అయితే నీటిమట్టం సుమారు 100 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అంతా క్వార్ట్జే అయితే 83 దగ్గర ఆగుతుంది. సగం సగం కలిపితే 91, 92 వస్తుంది. బుడగలు మిగిలితే లెక్క తప్పుతుంది, తొందరపడకండి. కల్తీ తక్కువగా ఉంటే ఇందులో దొరక్కపోవచ్చు, అప్పుడు ఎక్స్‌ఆర్‌డీయే దిక్కు.

ఆర్డర్ పెట్టేటప్పుడే ఎక్స్‌ఆర్‌డీ రిపోర్టు, అదీ మీకొచ్చే లాట్ (ఒక విడతగా తయారైన సరుకు) నంబరుతో, కావాలని రాయించండి. పరీక్ష అయ్యేదాకా కొత్త లాట్‌ను పాత స్లర్రీ ట్యాంకులో పోయొద్దు. మేము పోశాం, ట్యాంకు మొత్తం పారబోయాల్సి వచ్చింది.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. బస్తాలు విప్పి పోసే మా వాళ్లకు తాము పీలుస్తున్నది ఏమిటో తెలియదు. పేరు ఏదైనా సరే, పొడి పోసేటప్పుడు సరైన రెస్పిరేటర్ పెట్టించండి. మిగిలిన బస్తాలు మూతి కట్టి విడిగా పెట్టాం. సప్లయర్ ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు.