యాప్‌కి మూడున్నర, గ్రామసభకి రెండున్నర: డెల్టా కుర్రకారు కోసం పంచాయతీ రివ్యూ

మార్కులు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. పంచాయతీ లెక్కలు చూపించే ఈ-గ్రామస్వరాజ్, మేరీ పంచాయత్ యాప్ రెండింటికీ కలిపి అయిదుకి మూడున్నర. గ్రామసభకు రెండున్నర, అదీ సిద్ధపడి వెళ్లినవాళ్లకు. ఉత్తచేతులతో వెళ్తే ఒకటి. గ్రామ సచివాలయం కౌంటరుకు నాలుగు. పంచాయతీకి హోటల్లాగా మార్కులేమిటని నవ్వుకోవచ్చు గానీ, ఇంటిపన్ను కట్టి వాడుకునే సేవే కదా ఇది. పైగా నచ్చకపోతే పక్కూరి పంచాయతీకి మారిపోయే వీలు కూడా లేదు.

పద్దెనిమిది దాటి, గోదావరి డెల్టాలోని తమ ఊళ్లో పుంతరోడ్డు గురించో మురుగు బోదె గురించో మంచినీళ్ల చెరువు గురించో ఏదో ఒకటి చెయ్యాలని ఉండి, ప్రెసిడెంటు గారి అరుగు దాకా వెళ్లి అక్కడే ఆగిపోయేవాళ్ల కోసం ఇది.

ముందు ఫోను సంగతి. ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24న మొదలైంది. పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు, చెల్లింపులు అందులోనే నమోదవుతాయి. చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ వరసగా ఎంచుకుంటే ఆ ఏడు ఆమోదించిన పనులు, ఒక్కోదాని అంచనా, ఏ పద్దు కింద ఏ తేదీన ఎంత చెల్లించారన్నది వస్తుంది. మేరీ పంచాయత్ అదే సరుకును ఫోనుకు తగ్గట్టు చూపిస్తుంది. అందులోంచి పనిని ప్రతిపాదించొచ్చు, ఫొటో పెట్టి ఫిర్యాదు చెయ్యొచ్చు. 2024 అక్టోబరు నుంచి పంచాయతీ వారీగా అయిదు రోజుల వాతావరణ సూచన కూడా చేర్చారు. ధాన్యం కళ్లాల మీదున్న రోజుల్లో ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఓసారి తెరవమని అడిగే ఫీచరు బహుశా ఇదొక్కటే.

మన ఊరు దొరకడమే మొదటి గండం. జిల్లాలు 2022 ఏప్రిల్ 4న విడిపోయాయి గానీ జిల్లా పరిషత్తులు పాత తూర్పు, పశ్చిమ గోదావరులుగానే నడిచాయి. అందుకని కోనసీమ కిందో భీమవరం కేంద్రంగా ఉన్న జిల్లా కిందో ఊరు కనిపించకపోతే పాత జిల్లా పేరుతో వెతకాలి. ఆపైన ఇంగ్లీషు స్పెల్లింగు తంటా. ‘పాలెం’ని ఒకరు ఒక ఎల్‌తో, ఇంకొకరు రెండు ఎల్‌లతో రాస్తారు. ఒకే పేరున్న ఊళ్లు రెండు మండలాల్లో ఉంటే మనది కాని పంచాయతీ లెక్కలు చూసి ఆవేశపడే ప్రమాదమూ ఉంది. ఒకసారి సరైన ఊరు దొరికాక దాని ఎల్‌జీడీ కోడు (ప్రతి పంచాయతీకీ ప్రభుత్వం ఇచ్చిన నంబరు) రాసి పెట్టుకుంటే మళ్లీ వెతుకులాట ఉండదు.

ఇంతకంటే పెద్ద తప్పు చదవడంలో జరుగుతుంది. ఆమోదించిన ప్రణాళిక అంటే జరిగిన పని కాదు, చెయ్యాలనుకున్న పని. ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో ‘పది లక్షలు ఎటుపోయాయి?’ అని పెట్టేస్తారు. మర్నాడు సెక్రటరీ గారు ఆ పని అసలు మొదలే కాలేదని కాగితం చూపిస్తే, అడిగిన కుర్రాడి మాటకు ఇక ఏడాదిపాటు విలువుండదు. చూడాల్సింది చెల్లింపుల వోచర్లు. వోచరు తేదీ, మొత్తం, పని పేరు మూడూ రాసుకుని, అప్పుడు ప్రణాళికతో పోల్చాలి. పని పేరు మాత్రం నింపేవాళ్లు ఎలా రాస్తే అలాగే కనిపిస్తుంది. ‘డ్రెయిన్ రిపేరు’ అని ఊరుకుంటే ఏ వీధిదో దేవుడికెరుక. మార్కులు కోసింది ఇక్కడే.

బిల్లు ఆగిన ప్రతిసారీ రాజకీయమే అనుకోనక్కర్లేదు. ఆన్‌లైన్ చెల్లింపులకు డిజిటల్ సంతకాలు కావాలి, అవి డీఎస్‌సీ అనే డాంగిల్‌లో ఉంటాయి. ఆ డాంగిల్ గడువు తీరిపోతే కొత్తది వచ్చేదాకా డబ్బు ఖాతాలో ఉన్నా కదలదు. ‘డీఎస్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందండీ?’ అని అడిగితే చాలు, అవతలి మనిషి కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

ఇక డబ్బు చదవడం. 2021-22 నుంచి 2025-26 దాకా వచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం కట్టుబడి నిధి, అంటే చెప్పిన పనులకే వాడాల్సింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు కాదు. ఆ లెక్కన పది లక్షలొస్తే మూడు మురుక్కీ చెత్తకీ, మూడు నీళ్లకీ, నాలుగు మిగతా అన్నిటికీ. కుర్రాళ్లు ఎప్పుడూ అడిగే జిమ్ము, వాలీబాల్ కోర్టు ఆ నాలుగు లక్షల్లోంచే రావాలి. రోడ్డు, వీధిలైట్లు కూడా అదే వరసలో నిలబడి ఉంటాయి. డ్రెయిన్, ఫిల్టరు బెడ్డు అడిగితే ఆరు లక్షల వైపు నుంచి వస్తుంది. ఇంటిపన్ను, చేపల చెరువు పాట, సంత ఆశీలు, పంచాయతీ జాగాల్లోని కొబ్బరిచెట్ల ఫలసాయం వేలం ఇవన్నీ సొంత రాబడి. చెరువు పాట మూడేళ్లలో ఎంతకు పోయిందో పక్కపక్కన రాసి చూస్తే ఊరి గురించి చాలా తెలుస్తుంది.

గ్రామసభ దగ్గరికొద్దాం. 1993 ఏప్రిల్ 24న అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు సభలు పెట్టారు. కోనసీమలో వానపల్లి సభకు ముఖ్యమంత్రే వచ్చారు. మామూలు సభకు ఆ హంగు ఉండదు. పనిరోజు పొద్దున పదకొండుకి స్కూలు ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో డ్వాక్రా మహిళలు, వెనక పింఛను సంగతి అడగడానికొచ్చిన పెద్దలు. కుర్రాళ్లలో సగం మంది హైదరాబాదులో, బెంగళూరులో ఉంటారు. మిగతా సగం ఆ వేళకు కాలేజీ బస్సుల్లో. సభకు తగ్గిన మార్కుల్లో ఎక్కువ భాగం ఈ టైమింగుకే.

ప్రణాళిక తయారీ ఏటా అక్టోబరు 2న మొదలై డిసెంబరు, జనవరి దాకా సాగుతుంది. ఊరు నిండా మనుషులుండే సంక్రాంతి ఆ అంచునే వస్తుంది. అడిగేదేదో అక్టోబరులో కాగితం మీద అడిగి, ఏం తేలిందో పండక్కొచ్చినప్పుడు చూసుకోవడం మేలు. కోడిపందేల బరి దగ్గర ఎలాగూ సెక్రటరీ గారు తప్ప ఊరంతా ఉంటుంది. మార్చి తర్వాత వచ్చి పని అడిగితే ‘వచ్చే ఏడు చూద్దాంలే బాబూ’ అంటారు, అది సాకు కాదు, నిజం.

సభకు ఏం పట్టుకెళ్లాలి? డెల్టాలో అందరూ అడిగేది, అందరూ తప్పుగా అడిగేదీ డ్రెయిన్. ‘మా వీధికి సీసీ డ్రెయిన్ కావాలి’ అంటే కట్టేస్తారు, నీళ్లు కదలవు. నేల బల్లపరుపు. మూడొందలకు ఒకటి వాలు పెట్టాలన్నా 100 మీటర్లకు 33 సెంటీమీటర్ల పల్లం దొరకాలి. చాలా వీధుల్లో అది ఉండదు. ఉన్నా, ఆగస్టు సెప్టెంబర్లలో పెద్ద మురుగు కాలువ నిండి ఉంటుంది, నీరు వీధిలోకి ఎగదన్నుతుంది. అందుకని కొలత వానాకాలంలోనే తియ్యాలి. తాపీమేస్త్రీల లెవెల్ గొట్టం చాలు. నీళ్లు నింపి ముందు రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని మట్టం సమంగా ఉందో లేదో చూడాలి. లేకపోతే లోపల గాలిబుడగ ఉన్నట్టే. తర్వాత ఒక కొస వీధి మొదట్లో, రెండోది గొట్టం అందినంత దూరంలో పెట్టి, రెండు చోట్లా నీటి మట్టం నుంచి నేల దాకా టేపుతో కొలవాలి. తేడాయే పల్లం. అలా అంచెలంచెలుగా కాలువ గట్టు దాకా వెళ్లి, అక్కడి నుంచి కాలువలో నీటి మట్టం దాకా కొలవాలి. తూము గోడ మీద ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో సుద్దతో గీసి ఫొటో తియ్యండి. వీధి మొదట్లో నేలకీ ఆ గీతకీ మధ్య పాతిక సెంటీమీటర్లు కూడా లేకపోతే కొత్త డ్రెయిన్ అడగడం దండగ. ఉన్న బోదెలో పూడిక తీయించడం, తూము బాగుచేయించడం, గుర్రపుడెక్క లాగించడం అడగాలి. ఇంకో మాట: పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే మళ్లీ సీసీ పోస్తూ పోతే కొన్నాళ్లకు రోడ్డు ఇళ్ల అరుగులకంటే మెరకవుతుంది, వాన నీళ్లన్నీ గుమ్మాల్లోకే. ‘పాతది తవ్వి వెయ్యాలి’ అన్న ముక్క తీర్మానంలో రాయించడం మర్చిపోకూడదు.

రెండోది మంచినీళ్ల చెరువు. సముద్రం వైపు మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే, చెరువే దిక్కు. వేసవిలో కాలువలు కట్టేసేలోపు అది నిండాలి. లెక్క కష్టమేం కాదు. మూడు వేల జనాభా, మనిషికి రోజుకు జల్ జీవన్ మిషన్ చెప్పే 55 లీటర్లు, అరవై రోజులు: 99 లక్షల లీటర్లు. ఎకరం చెరువులో అది దాదాపు రెండున్నర మీటర్ల లోతు. ఎండకు ఆవిరయ్యేదీ అడుక్కి ఇంకేదీ దీనికి అదనం. ఫిబ్రవరిలో ఒక గెడ దించి పూడిక పోగా ఎంత లోతుందో చూసి, ఈ రెండంకెలూ పక్కపక్కన రాసి ఇస్తే, సభలో ‘నీళ్లు సరిపోతాయిలే’ అని కొట్టిపారేయడం కష్టం.

కాగితం తెల్లదైనా చాలు. ఎవరింటి దగ్గర్నుంచి ఎక్కడిదాకా, ఎన్ని మీటర్లు, సర్వే నంబరు, ఫొటో, పదిమంది సంతకాలు. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోవాలి. సభ అయ్యాక మినిట్స్ బుక్కులో ఎక్కిందా, తీర్మానం నంబరెంత అని అడగాలి. నంబరు లేకపోతే అడిగినట్టే లెక్క కాదు. సభ రికార్డింగు నుంచి మినిట్స్ తయారుచేసే సభాసార్ అనే ఏఐ సాధనాన్ని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చింది. ఒక్క మైకు ముందు ఏడుగురు ఒకేసారి మాట్లాడే మన సభల్లో దానికి కూడా వంతులవారీగా మాట్లాడేవాళ్లు కావాలి.

తలుపు తప్పు తట్టడం ఇంకో జబ్బు. పెద్ద డ్రెయిన్లు, పంట కాలువలు, లాకులు జలవనరుల శాఖవి. రాజోలు వైపు కొబ్బరిచెట్లను చంపుతున్న శంకరగుప్తం డ్రెయిన్ ఉప్పునీటి సమస్య ఏ పంచాయతీ తీర్మానంతోనూ తీరదు. తీర్మానం చేసి పైకి పంపడం వరకే పంచాయతీ పని. మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీదో, జిల్లా పరిషత్తుదో ముందు తెలుసుకోవాలి. రొయ్యల చెరువు నీళ్లు పంట బోదెలోకి వదిలితే మత్స్యశాఖకు కూడా ఒక ప్రతి పంపాలి. వట్టి పంచాయతీకిస్తే ఆ ఫైలు అక్కడే నిద్రపోతుంది.

సచివాలయం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అదే దాని గొప్ప. 2019 అక్టోబరు 2న కరపలో మొదలైన వ్యవస్థ ఇది. సర్టిఫికెట్లు, దరఖాస్తులు ఊళ్లోనే అవుతాయి. 2025 జనవరి 30 నుంచి 95523 00009 నంబరులో మన మిత్ర వాట్సాప్ ఉంది కాబట్టి కొన్నిటికి అక్కడికీ వెళ్లక్కర్లేదు. కుర్రాళ్లు పరిచయం పెంచుకోవాల్సింది ఇంజనీరింగ్ అసిస్టెంటుతో. అంచనాలు, కొలతలు చూసేది ఆయన లేదా ఆవిడే, చాలాసార్లు మీకంటే నాలుగైదేళ్లే పెద్ద.

ఓటు సంగతి కూడా ఇందులోదే. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికలు 2019 జాబితాతో జరిగాయి. కొత్తగా పద్దెనిమిది నిండిన దాదాపు 3.6 లక్షల మందికి ఓటు పోతుందని హైకోర్టు దాకా వెళ్లారు. పంచాయతీ జాబితాకు మూలమైన అసెంబ్లీ జాబితాకు ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే, పదిహేడు నిండితే ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం వద్దు. పోటీకి 21 నిండాలి. పార్టీ గుర్తులుండవు. మొదటిసారైతే ప్రెసిడెంటు కంటే వార్డు మెంబరుగా నిలబడడమే మేలు: వీధి చిన్నది, ఖర్చు తక్కువ, పంచాయతీ సమావేశంలో కూర్చునే హక్కు మాత్రం పూర్తిగా ఉంటుంది.

ఇన్ని చేసినా లెక్క చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. అందులో ‘పని ఎందుకు చెయ్యలేదు?’ అని రాస్తే ‘అది సమాచారం కాదు’ అని తిప్పి పంపుతారు. ‘ఫలానా వోచరు నంబరుకు సంబంధించిన ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) పేజీల నకలు, తీర్మానం నకలు ఇప్పించగలరు’ అని రాయండి. వోచరు నంబరు యాప్‌లో దొరుకుతుంది, తీర్మానం నంబరు మీ దగ్గరే ఉంటుంది.