పాత ధారావాహికలకు హ్యాండ్‌బ్రేక్: ఏళ్ల తరబడి వాడాక

ఎనభైలు, తొంభైల నాటి దూరదర్శన్ ధారావాహికలు మా ఇంట్లో కొన్ని డీవీడీల్లో, మరికొన్ని నాన్నగారు టీవీ నుంచి రికార్డు చేసిన వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఉన్నాయి. విశాఖ తేమలో క్యాసెట్లకు బూజు ఎంత త్వరగా పడుతుందో ఎంవీపీ కాలనీ వాసులకు చెప్పనక్కర్లేదు. అందుకే అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో హెచ్‌ఈవీసీలోకి (వీడియోను బాగా కుదించే పద్ధతి) మారుస్తూ వస్తున్నాను. అది ఉచితం. కాపీ రక్షణ ఉన్న డీవీడీల జోలికి మాత్రం వెళ్లదు.

అందరూ ముందు అడిగేది ఫైలు ఎంత తగ్గిందనే. డీవీడీలో ఎంపెగ్-2గా (పాత కుదింపు పద్ధతి) దాదాపు 1 జీబీ ఉన్న భాగం, నాణ్యతను నిర్ణయించే ఆర్‌ఎఫ్ అంకెను 20 దగ్గర పెడితే చాలావరకు 300 ఎంబీ లోపు వస్తోంది. ఆర్‌ఎఫ్ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు బరువు రెండూ పెరుగుతాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం డీఇంటర్‌లేస్ ఫిల్టరు. మన పాల్ (మన దేశపు పాత టీవీ ప్రమాణం) ప్రసారంలో సెకనుకు 50 ఫీల్డులు, అంటే సగం సగం బొమ్మలు ఉంటాయి. ఒకదానిలో బేసి గీతలు, మరోదానిలో సరి గీతలు. వాటిని అలాగే కలిపి చూపిస్తే కథానాయిక చటుక్కున తల తిప్పినప్పుడు చీర జరీ అంచు దువ్వెన పళ్లలా చీలిపోతుంది. ఈ చీలికను సరిచేసేదే డీఇంటర్‌లేస్. అందులో ఒక రకమైన బీడబ్ల్యూడిఫ్‌లో 'బాబ్' ఎంచుకుంటే ఒక్కో ఫీల్డూ ఒక్కో ఫ్రేము అవుతుంది. సెకనుకు 50 ఫ్రేములతో, స్టూడియో కెమెరాతో తీసిన దృశ్యాలు పాత డబ్బా టీవీలో కదిలినంత నునుపుగా కదులుతాయి. ఫిల్ముపై తీసిన వాటికి ఇది అనవసరం. రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేముకు చెందినవి కాబట్టి 25 చాలు.

క్యాసెట్ల చుక్కలతో ఇంకో తంటా. కదిలే ప్రతి చుక్కనూ ఎన్‌కోడర్ (వీడియోను కుదించే భాగం) బొమ్మలో భాగమనే అనుకుని దాచిపెడుతుంది, ఫైలు ఉబ్బిపోతుంది. చుక్కలు తుడిచే ఎన్‌ఎల్‌మీన్స్ ఫిల్టరును తేలికగా పెడితే సరిపోతుంది. గట్టిగా పెడితే చర్మం మీది గీతలూ కొట్టుకుపోయి, ముసలి పాత్రలకు కుర్రకారు చెంపలు వస్తాయి! కృత్రిమ మేధతో 4కే చేస్తామనే సాఫ్ట్‌వేర్లూ చూశాను. లేని కనురెప్పలు గీసిపెడుతున్నాయి. 576 గీతల బొమ్మను 576 గీతలుగానే ఉంచడం మర్యాద.

ధ్వనిని ముట్టుకోకుండా పాస్‌త్రూ పెట్టేస్తాను. బొమ్మ 4:3లోనే ఉండాలి. తెర నిండా సాగదీస్తే అందరూ లావైపోతారు.

వేగం విషయంలో ఓపిక కావాలి. 'స్లో' ప్రీసెట్ పెడితే ల్యాప్‌టాప్ సెగలు కక్కుతుంది; మే నెలలో పగటిపూట ఆ పని పెట్టుకోను. గ్రాఫిక్స్ చిప్‌తో చకచకా అయిపోతుంది గానీ, అంతే నాణ్యతకు ఫైలు పెద్దదవుతుంది.

రంగు ఛాయలను మరింత సన్నగా నమోదు చేసే 10 బిట్‌లో ఆకాశం, సాదా గోడలు మెట్లుమెట్లుగా కాకుండా ఒకే జాలుగా వస్తాయి. మా హాల్లోని పాత టీవీ మాత్రం ఆ ఫైళ్లను తెరవదు, చిన్న మీడియా ప్లేయర్ తగిలించాల్సి వచ్చింది. 2018లో వచ్చిన ఏవీ1 అనే కొత్త కుదింపు పద్ధతితో ఇంకా చిన్న ఫైళ్లు వస్తాయి. ఈ ప్లేయర్ దాన్ని ఆడించదు, అమ్మ రిమోట్ నొక్కగానే బొమ్మ రావాలి కాబట్టి ప్రస్తుతానికి హెచ్‌ఈవీసీతోనే ఉన్నాను. క్యాసెట్ల నుంచి తీసిన మూల ఫైళ్లను చెరపకుండా వేరే డిస్కులో ఉంచాను, టీవీ మారినప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చేసుకోవడానికి.