బోటు ఇంజనుకు గొట్టం తాళం: కొన్నేళ్లు వాడాక

కళింగపట్నం నుంచి బారువ దాకా చాలా ఊళ్లలో బోట్లు ఇసుక మీదే ఉంటాయి. 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఇంజను 40 కిలోలకు అటూఇటూ తూగుతుంది. దాన్ని బోటు వెనక బల్లకు పట్టి ఉంచే క్లాంపు మరలు రెండూ విప్పేస్తే ఇద్దరు మనుషులు ఎత్తుకుపోగలరు. ఆ మరలు తిరక్కుండా ఆపేదే గొట్టం తాళం. పొడవునా చీలిక ఉన్న స్టీలు గొట్టం ఇది. మరల పిడులు రెండూ ఎదురెదురుగా పడుకునేలా తిప్పి, గొట్టాన్ని పక్కనుంచి వాటి మీదికి తోసి, చివర తాళం వేయాలి. క్లాంపు ఇంజన్లకే పనికొస్తుంది. బోల్టులతో బిగించే పెద్ద ఇంజన్లకు బోల్టు తాళం వేరే ఉంటుంది.

అసలు చిక్కు పిడుల దగ్గరే. గట్టిగా బిగించాక ఒక పిడి నిలువుగా ఆగిపోతుంది, గొట్టం ఎక్కదు. అప్పుడు చాలామంది దాన్ని పావు తిప్పు వెనక్కి వదులు చేసి తాళం వేస్తారు. అలా చేయకండి, అలల్లో ఇంజను కదిలి బల్లను తినేస్తుంది. ఆ పిడి వైపు క్లాంపు పాదానికీ బల్లకూ మధ్య పలచని స్టెయిన్‌లెస్ రేకు ముక్క పెట్టి చూడండి. మందం మార్చి చూస్తే, గట్టి బిగింపులోనే పిడి అడ్డంగా వచ్చి ఆగుతుంది. ఒకసారి కుదిరిందంటే మరలు వాటంతటవి వదులవ్వవు. ఈ తాళంతో ఇదొక మంచి లాభం.

తాళాన్ని తుప్పుకన్నా ముందు ఇసుక చంపుతుంది. తాళంచెవి రంధ్రానికి సైకిల్ ట్యూబు ముక్క తొడగండి. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, పలచని నూనె స్ప్రే కొట్టి, పైన మిగిలింది తుడిచేయండి. తుడవకపోతే ఆ నూనెకే ఇసుక అంటుకుంటుంది. గ్రాఫైట్ పొడి మాత్రం వద్దు, ఉప్పునీటితో కలిస్తే లోపలి లోహాన్ని తినేస్తుంది. కొనేటప్పుడు గొట్టానికి అయస్కాంతం పెట్టి చూడండి. గట్టిగా అతుక్కుంటే అది తుప్పును బాగా తట్టుకునే 304, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కాదు.

బ్యాటరీ గ్రైండరు ముందు ఏ గొట్టమూ ఎంతోసేపు నిలవదు. కాకపోతే ఆ చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. రంపంతో బల్లనే కోసుకుపోయే దొంగతనం చప్పుడు లేనిది, దానికే భయపడాలి. బల్ల లోపలి ప్లైవుడ్ నాని మెత్తబడితే ఆ కోత ఇంకా తేలిక. సుత్తి పిడితో తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే ముందు బల్ల బాగు చేయించాలి.

అందుకే గొట్టం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఇంజను బ్రాకెట్‌కు కింద రంధ్రాలుంటే బల్ల గుండా 8 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, లోపల వెడల్పు వాషర్లు, బిగించాక తల విరిగిపోయి మళ్లీ తేలిగ్గా విప్పలేని నట్లు వేయండి. రంధ్రంలో మెరైన్ సీలెంట్ నింపకపోతే ప్లైవుడ్‌లోకి నీరు దిగుతుంది. బోటు చట్రానికీ ఇంజనుకూ కలిపి 10 మి.మీ. గట్టి గొలుసు వేస్తే బల్ల కోసినా ఇంజను చేతికి రాదు. మామూలు బజారు గొలుసును కట్టరు తుంచేస్తుంది.

బ్రాకెట్ మీది నంబరు ప్లేటును ఎవరైనా పీకేయొచ్చు. దాని ఫొటో, బిల్లు ఇంట్లో ఉంచి, మూత లోపలివైపు మీ గుర్తు పంచ్ చేయించండి. పోలీసు ఫిర్యాదుకు ఇవే కావాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో తాళం మీద వదిలేయకుండా ఇంజను ఇంటికి తెచ్చేయండి. మంచినీళ్లతో నడిపి, కార్బురేటరులో పెట్రోలు ఖాళీ చేసి, నిలువుగా స్టాండు మీద పెట్టాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజనును పడుకోబెట్టాల్సి వస్తే పుస్తకంలో చెప్పిన పక్కకే పడుకోబెట్టాలి, లేదంటే ఆయిలు సిలిండరులోకి దిగుతుంది.