టెహ్రాన్ దారిలో వోల్వో ఎఫ్88: ఎక్కడ ఆగేవాళ్ళం, ఎందుకు

ఇంగ్లండ్ నుంచి ఇరాన్‌కి సరుకు లారీల మీద వెళ్ళిన కాలం ఒకటుంది. 1973లో చమురు ధర పెరిగాక ఇరాన్ చేతిలో డబ్బు ఆడింది. కొన్న సామానంతా ఓడల్లో వచ్చి ఖొర్రంషహర్ రేవు బయట నెలల తరబడి ఆగిపోయేది. దాంతో యంత్రాలూ విడిభాగాలూ రోడ్డెక్కాయి. ఆ లారీలు తోలినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ దారిలో బసలు ఎలా ఉండేవని ఇప్పటికీ అడుగుతుంటారు. మంచం లారీలోనే ఉంది కాబట్టి గది ఎలా ఉందో మేం చూసేవాళ్ళం కాదు. లారీకి కాపలా ఉందా, వేడినీళ్ళు వస్తాయా, ముందున్న దారి సంగతి చెప్పేవాళ్ళు దొరుకుతారా అన్నదే లెక్క. అందుకే ముందు లారీ గురించి చెప్పాలి.

నాది వోల్వో ఎఫ్88. 1965లో వచ్చిన మోడల్, 9.6 లీటర్ల ఇంజిన్. సీట్ల వెనక నడుం వాల్చే బెర్త్, పనిచేసే హీటర్ ఉండేవి. అప్పటి బ్రిటిష్ లారీలు చాలావాటిలో బెర్తే లేదు. వాటితో బయల్దేరినవాళ్ళు సీట్ల మీద అడ్డంగా చెక్క వేసుకుని పడుకునేవాళ్ళు. స్కానియా 140 బలమైన బండి, 14 లీటర్ల వీ8, 350 హార్స్‌పవర్. ఘాట్ ఎక్కేటప్పుడు మమ్మల్ని దాటుకుని పోయేది. అయినా నా ఓటు ఎఫ్88కే. గేరు పళ్ళ వేగాన్ని తనే సరిచేసుకునే సింక్రోమెష్ గేర్లు కావడంతో, గేరు మార్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు నొక్కే (డబుల్ క్లచ్) పని లేదు, రోజంతా కొండల్లో తిరిగినా కాలు లాగేది కాదు.

మొదటి మంచి మజిలీ బెల్‌గ్రేడ్‌లోని హోటల్ నేషనల్. అక్కడికి చేరేలోపు యుగోస్లావియా రహదారి ప్రాణం తీసేది: మధ్యలో డివైడర్ లేదు, వేసవిలో జర్మనీ నుంచి ఇళ్ళకు పోయే టర్కీ కుటుంబాల కార్లు నిద్ర లేకుండా దూసుకొచ్చేవి. నేషనల్‌లో భోజనం సాదాగానే ఉండేది, కానీ తిరుగుదారిలో వచ్చే డ్రైవర్లంతా అక్కడే దొరికేవాళ్ళు. ఏ కనుమలో మంచు పడిందో, ఏ సరిహద్దులో లైను ఎంత ఉందో వాళ్ళు చెప్తే తెలిసేది.

ఇస్తాంబుల్‌లో లారీలు ఆగే లోండ్రా క్యాంప్. లారీ నిశ్చింతగా వదిలేసి ఊళ్ళోకి వెళ్ళొచ్చు. నా లెక్కలో మొత్తం దారిలో ఇదే మేలు. 1973 అక్టోబరులో బాస్ఫరస్ జలసంధి మీద వంతెన తెరిచాక పడవ కోసం కాచుకునే బాధ కూడా పోయింది. అంకారాలో టెలెక్స్ (టైపు చేసిన కబురు తీగల మీద పంపే యంత్రం) ఉన్న మోటెల్‌లో ఆగి, ఇంటికీ ఆఫీసుకీ కబురు పంపేవాళ్ళం.

అక్కడి నుంచి తూర్పుకి వెళ్తేనే అసలు ప్రయాణం. సివాస్, ఎర్జింజాన్, ఎర్జురుమ్ దాటాక తాహిర్ కనుమ. 2,400 మీటర్లకు పైన, అప్పట్లో తారు లేని రోడ్డు, శీతాకాలంలో చక్రాలకు గొలుసులు కట్టకపోతే బండి కదిలేది కాదు. చలికి డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోయేది. ట్యాంకు కింద నూనె గుడ్డలు వెలిగించి కరిగించేవాళ్ళు కొందరు. చూస్తుంటేనే భయమేసేది. రాత్రంతా ఇంజిన్ ఆపకుండా ఉంచడం అంతకంటే మంచి పద్ధతి. డీజిల్ ఖర్చవుతుంది, కానీ తెల్లారాక బండి కదులుతుంది.

ఈ వైపు బసలు నాసి. ఒక చోట దుప్పట్లు చూసి డబ్బు వదులుకుని క్యాబిన్‌లోకే వచ్చేశాను. తిండి మాత్రం హాయి. చిన్న లోకాంతాల్లో (టర్కీ భోజనశాలల్లో) వంటింట్లోకే పిలిచి గిన్నెల మూతలు తీసి చూపించేవాళ్ళు, వేలు పెట్టి చూపిస్తే చాలు. ఎర్ర కందిపప్పు సూప్ మన పప్పుచారుకి దగ్గర, నిమ్మకాయ పిండుకుంటే ఇంకా దగ్గర.

దొగుబయజిత్‌లో 5,137 మీటర్ల అరారాత్ పర్వతం పక్కనే కనిపిస్తుంది. తర్వాత టర్కీ వైపు గుర్బులాక్, ఇరాన్ వైపు బజర్గాన్ ఉన్న సరిహద్దు. టీఐఆర్ కార్నెట్ అనే అంతర్జాతీయ కస్టమ్స్ పత్రం ఉంటే దారిలోని దేశాలు సీలు చూసి వదిలేస్తాయి, సరుకు విప్పక్కర్లేదు. ఆ పద్ధతే లేకపోతే ఇంత దూరం లారీల మీద సరుకు వెళ్ళేదే కాదు. కాగితాలు సరిగా ఉన్నా లైను మాత్రం తప్పదు. ట్రైలర్ పక్కపెట్టెలోని గ్యాస్ పొయ్యి మీద అన్నం వండుకుని కూర్చునేవాళ్ళం.

1979 విప్లవం, 1980లో ఇరాక్‌తో యుద్ధం వచ్చాక ఆ రద్దీ తగ్గిపోయింది. ఇప్పుడు ఇస్తాంబుల్ నుంచి అంకారా కార్లో వెళ్ళేవాళ్ళు 2007లో తెరిచిన బోలు సొరంగంలోంచి నిమిషాల్లో దాటేస్తారు. తొందర లేకపోతే పైనున్న పాత కొండ రోడ్డు పట్టండి. అలాంటి ఎత్తు 1970ల లారీ ఎలా ఎక్కేదో ఆ మలుపుల్లో మీకే తెలుస్తుంది.