తిరువక్కరైలో రాళ్లయిన చెట్లు

పుదుచ్చేరి వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది సముద్రతీరం, ఆరోవిల్ చూసి వెనక్కి వచ్చేస్తారు. అక్కడికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, తిరువక్కరై అనే పల్లె పక్కన, దాదాపు 2 కోట్ల ఏళ్లనాటి చెట్లు రాళ్లయి పడి ఉన్నాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కాపాడుతున్న జాతీయ శిలాజ వృక్షవనం ఇది. పచ్చిక, పూలమొక్కలు ఆశించి వెళ్లకండి. ఎర్రనేల, పొదలు, వాటి మధ్య దుంగలు, అంతే.

నిలబడి చూస్తే పది నిమిషాల్లో విసుగొస్తుంది. కూర్చుని చూడాలి. చెక్క నార, అది చీలిన తీరు స్పష్టంగా కనిపిస్తాయి. వేలు ఆనిస్తే ఎండకు కాలిన రాయి! కొన్ని దుంగలు 15 మీటర్ల దాకా పొడవున్నాయి. అన్నీ అడ్డంగా పడి ఉన్నవే, కొమ్మలూ బెరడూ లేవు. కాబట్టి ఇవి ఇక్కడ పెరిగినవి కావనీ, ఎక్కడినుంచో వరదలో కొట్టుకొచ్చి ఇసుకలో పూడిపోయాయనీ శాస్త్రవేత్తల మాట. ఆ ఇసుకే గట్టిపడి కడలూరు ఇసుకరాయి అయింది. నీటిలో కరిగిన సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) చెక్కలోకి ఇంకి, దాని అల్లికను చెడనివ్వకుండా రాయిగా మార్చింది. వీటిలో మన చింత, ఆముదాలకు దగ్గరి చుట్టాలు కూడా ఉన్నాయట. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త పియర్ సొనెరా 1781లోనే వీటిని నమోదు చేశాడు.

వసతి పుదుచ్చేరిలోనే చూసుకోవడం మంచిది. ఫ్రెంచి వీధుల్లోని పాత బంగళాలు అందంగా ఉంటాయి, అద్దె కూడా ఆ అందానికి తగ్గట్టే ఉంటుంది. మేము బస్టాండు వైపు మామూలు లాడ్జిలో దిగాం. గది శుభ్రం, రాత్రంతా హారన్ల మోత. వనానికి కారు మాట్లాడుకుని వెళ్లాం. ఎంతసేపు ఆగాలో, దానికి ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకోండి. మా డ్రైవరు తిరిగొచ్చాక అదనంగా అడిగాడు, కొంత ఇచ్చి వదిలించుకున్నాం. మంచినీళ్లు, టోపీ తప్పనిసరి, నీడ తక్కువ. పొద్దున్నే వెళితే ఊళ్లోని వక్రకాళి అమ్మవారి గుడి కూడా మధ్యాహ్నం మూసేలోపు చూడవచ్చు. పౌర్ణమినాడు మాత్రం అక్కడ విపరీతమైన రద్దీ.

వయసే ముఖ్యమనుకుంటే పెరంబలూరు జిల్లా సాత్తనూరు ఉంది. అక్కడి దుంగ ఒక్కటే 18 మీటర్లకు పైమాట, సుమారు 12 కోట్ల ఏళ్లనాటిది. అయితే పుదుచ్చేరి నుంచి ఒక్కపూటలో వెళ్లిరావడం కుదరదు. తిరుచ్చి వైపు వెళ్లేవారు దాన్ని చూడండి, పుదుచ్చేరిలో దిగినవారికి తిరువక్కరై చాలు.