మైట్ ప్రూఫ్ పరుపు కవరు: గుడ్డ కాదు, జిప్ చూసి కొనండి

డస్ట్ ఎలర్జీ అని తేలగానే చెన్నైలో అందరూ చెప్పే మొదటి సలహా, పరుపుకి ఆరు వైపులా మూసేసే జిప్ కవరు వేయమని. సలహా మంచిదే. చాలాకాలం వాడాక నా ఫిర్యాదు మాత్రం ఒక్క జిప్ మీదే. అట్ట మీద గుడ్డ గురించి పేరాలు పేరాలు రాస్తారు, జిప్ గురించి ఒక్క ముక్క ఉండదు.

మనల్ని తుమ్మించేది ప్రధానంగా డస్ట్ మైట్, అంటే ఇంటి దుమ్ములో బతికే అతిచిన్న పురుగు, విసర్జించే గుళికలు. మైట్ సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే, గుళిక 10 నుంచి 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). 10 మైక్రాన్ల కంటే సన్నటి రంధ్రాలున్న గుడ్డ రెండింటినీ ఆపుతుంది. ఈ మాత్రం పని మంచి కవర్లన్నీ చేస్తాయి. చిక్కంతా గాలితోనే. లోపలివైపు పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర అంటించిన కవరులో గుడ్డ గుండా గాలి ఆడదు. మనిషి మంచం మీద కూర్చోగానే పరుపులోంచి తన్నుకొచ్చే గాలికి జిప్ పళ్ల సందే దారి. లోపలి దుమ్ముకీ అదే దారి. అందుకే పళ్ల వెనక లోపలివైపు గుడ్డ పట్టీ ఉండాలి, రన్నర్ (జిప్ మూయడానికి లాగే ముక్క) ఆగే చివర చిన్న గుడ్డ జేబులోకి దూరిపోవాలి. ఈ రెండూ లేని కవరు ఎంత చవకైనా వద్దు. పరుచుకునేటప్పుడు రన్నర్ ఆగే చివర కాళ్ల వైపు రావాలి, తలగడ వైపు కాదు.

నా కవరు చెడిపోయింది సరిగ్గా ఇక్కడే. మూల తిరిగేచోట రన్నర్ ముందుకు పోతోంది కానీ వెనక పళ్లు విచ్చుకుంటున్నాయి. కారణాలు రెండు. కొబ్బరి పీచు పరుపు వంగదు, దాని మూలలు కరుకు. కవరు బిగువుగా ఉంటే లాగుడంతా మూల దగ్గర పళ్ల మీదే పడుతుంది. రెండోది తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క చోట్ల వీచే ఉప్పుగాలి. రన్నర్ మీద తెల్లటి పొడిలా తుప్పు కడుతుంది, లోపలి పట్టు వదులవుతుంది. కవరు పారేయక్కర్లేదు. రన్నర్‌ని జిప్ మొదలుకి తీసుకెళ్లి, పళ్లు మూసుకుని బయటికొచ్చే వెనక అంచుని కటింగ్ ప్లయరుతో ఎడమ ఒకసారి, కుడి ఒకసారి మెల్లగా నొక్కాలి. కాస్త నొక్కి, లాగి చూసి, చాలకపోతే మళ్లీ కాస్త. ఒకేసారి గట్టిగా నొక్కితే బిగుసుకుపోతుంది, లేదా విరుగుతుంది. తర్వాత పళ్ల మీద కొవ్వొత్తి రుద్దితే సాఫీగా జరుగుతుంది. నూనె మాత్రం పూయకండి, దుమ్ము అంటుకుని ముద్దకడుతుంది. పళ్లే ఊడిపోతే టైలర్ కొత్త జిప్ వేస్తాడు. అయితే సూది పడిన ప్రతిచోటా పొరకి చిల్లు పడుతుంది కాబట్టి, పాత కుట్టు గీత మీదే కుట్టమని చెప్పాలి.

కొనేముందు పరుపు మందం టేపుతో కొలవండి. కవరు ఎత్తు అంతకంటే అర అంగుళం ఎక్కువుంటే మూలలు బతుకుతాయి. పీచు పరుపుకి మూడు వైపులా తిరిగే జిప్ కావాలి. బూరుగు దూది పరుపు మడత పడుతుంది కాబట్టి దానికి ఒకవైపు జిప్ చాలు. నిజానికి కవరు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది ఈ దూది పరుపులకే. పాతబడేకొద్దీ కుట్లలోంచి నూగు రాలుతూనే ఉంటుంది.

ఉతకడంలో జాగ్రత్త. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతికితే మైట్‌లు చస్తాయి. పొర ఉన్న కవరుని మాత్రం లేబుల్ మీదున్న వేడి దాటనివ్వకూడదు, ఇస్త్రీ అసలే వద్దు. పొర పగిలిందేమో చూడాలంటే చీకటి గదిలో కవరు లోపల టార్చి పెట్టండి. సూదిమొనల్లా మెరిసే చుక్కలు కనిపిస్తే అక్కడ పొర పోయినట్టే. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు పరుపుని బాగా ఎండబెట్టి జిప్ వేయాలి. తడి లోపలే ఉండిపోతే బూజు పడుతుంది, అది ఇంకో ఎలర్జీ.

పొద్దున్నే వరసగా వచ్చే తుమ్ములు, ముక్కు దిబ్బడ బాగా తగ్గాయని మొదట్లో అందరికీ చెప్పాను. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే వేడినీళ్ల ఉతుకు, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడవడం, డాక్టరు రాసిన ముక్కు స్ప్రే రోజూ మానకుండా వాడటం కూడా ఆ కాలంలోనే మొదలయ్యాయి. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేను. 2003లో బ్రిటన్‌లో ఆస్తమా ఉన్న వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ల మీద ఈ కవర్లను పరీక్షించి చూస్తే, ఉత్త కవరు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017లో మాంచెస్టర్ పరిశోధకులు మైట్ ఎలర్జీ ఉన్న ఆస్తమా పిల్లలకి వేసి చూస్తే, జబ్బు ముదిరి ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావడం తగ్గింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేను కొనమనే చెప్తాను.

ఇదంతా రాత్రి ఏసీ నడిచే గది సంగతి. ఏసీ లేని గదిలో, మే నెలలో కరెంటు పోతే, పొర ఉన్న కవరు మీద వీపు చెమటతో తడిసిపోతుంది. అలాంటి గదికి ఒత్తుగా నేసిన, పొర లేని రకమే నయం. ధర ఎక్కువ, కానీ గాలి గుడ్డలోంచే పోతుంది కాబట్టి జిప్ మీద భారం కూడా తగ్గుతుంది. స్కిన్ ప్రిక్ టెస్టులో (ఎలర్జీ దేనికో చర్మం మీద సూదితో గుచ్చి చూసే పరీక్ష) మైట్ కాకుండా బొద్దింక తేలితే ఈ ఖర్చు పెట్టకండి, ఆ డబ్బు వంటగది మీద పెట్టండి. భోగి పొగకి వచ్చే దగ్గుకీ కవరుకీ సంబంధం లేదు. పిల్లికూతలు, రాత్రి ఆయాసం ఉన్నవాళ్లు కవరు వేశాం కదా అని ఇన్‌హేలర్ సొంతంగా మానకూడదు. అది డాక్టరు తగ్గిస్తేనే తగ్గాలి.