గడియ తెరుచుకునే క్షణం: ‘వరల్డ్ ఆఫ్ గన్స్’ సమీక్ష

2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలోకి వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ గన్స్: గన్ డిసాసెంబ్లీ’ని ఆటల వరుసలోనే ఉంచారు గాని, యంత్రశాస్త్రం చదివేవారికి అది కదిలే పాఠ్యపుస్తకమని నా అభిప్రాయం. తుపాకీ త్రిమితీయ రూపాన్ని తెరపై నిలిపి, పైభాగాలను పారదర్శకం చేసి, వేగాన్ని బాగా తగ్గించి, లోపలి కదలికను ఇది చూపుతుంది.

నేను ఎక్కువసేపు ఏకే-47 దగ్గరే ఆగిపోయాను. నిమిషానికి సుమారు 600 తూటాల వేగమంటే ఒక్కో తూటాకు సెకనులో పదో వంతు మాత్రమే. ఆ లోపే తూటా పేలాలి, ఖాళీ తొడుగు బయటపడాలి, కొత్త తూటా లోపలికి చేరాలి, గడియ మళ్లీ పడాలి. మందు మండగా పుట్టిన వాయువులో కొంత, గొట్టానికున్న చిన్న రంధ్రం గుండా వెళ్లి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. అయితే గొట్టం వెనుక భాగాన్ని మూసి ఉంచే ‘బోల్ట్’ను మోసే వాహకం, పిస్టన్‌తో కలిసి కదులుతూ, మొదట కొంత దూరం ఊరికే జరుగుతుంది; ఆ తరువాతే దానిలోని వంపు గాడి బోల్ట్‌ను తిప్పి గడియ విడిపిస్తుంది. మొత్తం యంత్రానికి ప్రాణం ఈ చిన్న ఆలస్యమే. గుండు గొట్టం దాటి లోపలి ఒత్తిడి తగ్గకముందే గడియ విడితే, తొడుగు చిట్లి వేడి వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం వైపుకే, ఎగదన్నుతుంది. నల్లబల్లపై ఎన్ని బాణాలు గీసినా అంత సులభంగా అందని ఈ సంగతి, ఇక్కడ రెండుసార్లు చూస్తే మనసుకు పట్టింది.

ఆ వెంటనే ఎంపీ5 అనే చిన్న మెషిన్‌గన్‌ను చూడటం మంచిది. అందులో వాయువుతో నడిచే పిస్టనే లేదు; బోల్ట్ తలకు ఇరువైపులా ఉన్న రెండు చిన్న రోలర్లు పక్క గుంటల్లో ఒరుసుకుని, బోల్ట్ వెంటనే తెరుచుకోకుండా ఆపుతాయి. ఇదే సమస్యకు 1884 నాటి తన మెషిన్‌గన్‌లో హైరం మాక్సిం చూపిన దారి వేరు: గొట్టం, బోల్ట్ కలిసే కొంత వెనక్కి జరిగి, ఆ తరువాత విడిపోతాయి. సమాధానాలు మూడు, ప్రశ్న ఒక్కటే.

భాగాలను గడియారంతో పోటీపడి విప్పే విభాగం నన్ను అంతగా ఆకర్షించలేదు. మౌలిక రూపం ఉచితమే గాని, మరిన్ని నమూనాలకు డబ్బు చెల్లించాలి. భాగాల పేర్లు తెలుగులో లేవు కాబట్టి, పాఠశాల విద్యార్థి పక్కన తెలిసినవారు ఉండటం అవసరం. ట్రిగ్గర్ భాగాలను తరువాతకు వదిలి, మొదటిసారి బోల్ట్‌ను ఒక్కదాన్నే, అతి తక్కువ వేగంతో గమనించమని నా సూచన.